పాపాయమ్మ ఎంచిన కీడు

కామందు బుల్లిరాజుగారి పెద్దపాలేరు రాముడు బడిపాకలోకి చెప్పులతోనే వచ్చాడు. పంతులు ఇంకా రాకపోయినా, పిల్లలు నేలమీద ఇసుక పరుచుకుని వేలితో ‘అ’ మొదలుకుని అక్షరాలు దిద్దుతున్నారు.

“నారుకట్టలు మోసేవాళ్ళు లేక అక్కడ చేను ఏడుస్తోంది. మీకు చదువులొచ్చాయేంట్రా!” అని ఇసుక తన్నేశాడు.

అందరూ పారిపోయారు. ఐదేళ్ళ ప్రసన్నకుమారి మాత్రం అక్షరం పూర్తికాలేదని లేవలేదు. రాముడు ఆ కుడిచేతిమీద కాలువేసి నులిమాడు. చూపుడువేలు విరిగింది.

ఆనకట్ట కట్టి నలభై ఏళ్ళయింది. కామందుల చేలకి నీళ్ళొచ్చిన నలభై ఏళ్ళకి గాని ఈ కూలిపేటకి అక్షరం రాలేదు. తెచ్చినవాడు పేటలో పుట్టి, మిషను బడిలో చదువుకున్న ఏసురాజు పంతులు.

మధ్యాహ్నానికి పేటంతా పాకలో చేరింది. పిల్ల తల్లి పాపాయమ్మ పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. వానపడితే గట్టు తెగుతుందనీ, పిల్ల తుమ్మితే జ్వరమనీ బెంగపడే మనిషి.

“బడి మానిపించేస్తానండి పంతులుగారూ. ఇవాళ వేలు, రేపు పీక.”

“కామందుతో మనకెందుకే,” అన్నాడు మొగుడు వీరాస్వామి.

“ఈయన తాత కూడా ఆ మాటే అనుంటాడొదినా!” అంది పక్కింటి సంపూర్ణమ్మ. పాకంతా నవ్వింది.

పాపాయమ్మ నవ్వలేదు. ఒళ్ళో పిల్ల నిద్రలో మూలిగింది. వాచిన ఆ వేలికేసి చాలాసేపు చూసింది.

“పుట్టినకాణ్ణించీ మనకే కీడెంచుకున్నానండి. ఇవాళ ఆ కామందుకి ఎంచుతాను, వినండి. మనం ఊడ్పుకి దిగొద్దు. పదిరోజులకి నారు ముదిరి కణుపు కడుతుంది. ముదురు నారు నాటితే పిలకెయ్యదు, పంట రాదు. పొరుగూరి కూలీలకి వాళ్ళ ఊడ్పులు వాళ్ళకున్నాయి. ఆయన గాదె ఖాళీ అవ్వాలి. గుమ్మంలో కూలబడి ఆయన ఏడవాలి. నేను చూడాలి!”

“మరి మనం తినేదేంటే?” అన్నాడు వీరాస్వామి.

“కాలవగట్టు తూటికూర, ఉప్పు. ఏ ఏడు తినలేదు గనక?”

ఒక్క ఆడమనిషీ చేలోకి దిగలేదు. పదకొండో రోజుకి ఆకుమడిలో నారు పసుపు తిరిగింది. గొడుగు వేసుకుని కామందే పేటకి వచ్చాడు.

“ఏమే పాపాయీ, జరిగిందేదో జరిగింది. దిగండి.”

“ఆయ్, దిగుతామండి. రాముడొచ్చి బడిలో ఇసుక తన చేత్తో పరవాలండి. తమరు చెప్పులిప్పి పక్కన నిలబడాలండి.”

కామందు మొహం కందగడ్డయింది. గొడుగు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇద్దరు కానిస్టేబుళ్ళని బడికి వెంటబెట్టుకొచ్చి, కూలీల్ని రెచ్చగొట్టాడని ఏసురాజుకి తాడుతో పెడరెక్కలు విరిచి కట్టించాడు.

“ఇప్పుడెవడు చెబుతాడే మీకు చదువు?”

పాపాయమ్మ వెళ్ళి పంతులు చోట చతికిలబడింది.

“మా పిల్ల నేర్పినవి నాకు ఏడక్షరాలొచ్చండి. ఆ ఏడూ చెబుతాను.”

కూతురి ఎడమచేతి వేలు పట్టుకుని ‘అ’ దిద్దించింది. పక్కన సంపూర్ణమ్మ కూర్చుంది. ఆ వెనక పేటలోని ఆడవాళ్ళంతా పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చివరికి వీరాస్వామి కూడా తలపాగా తీసి, ఇసుకలో వేలు పెట్టాడు.

“వీళ్ళనీ కట్టెయ్యండి!” అని అరిచాడు కామందు.

కానిస్టేబుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళు తెచ్చుకున్న తాడు ఒక్కటే.