లేని మనిషికి వడ్డన

మా ఆయన తోకుజికి ఒక పిచ్చి ఉంది. భోజనానికి వచ్చిన మనిషిని ఏమీ అడగకూడదట, మొహం చూసి గ్రహించాలట. కనజావా ఊళ్లో మా హోటల్ చిన్నది. ఆ ఋతువులో దొరికినదాంట్లో ఆయన ఏది వండి పెడితే అదే తినాలి. ఇన్నేళ్లు కాపురం చేశాను కాబట్టి చెబుతున్నాను, ఒక్క మాట అడిగితే నోట్లోంచి ముత్యాలేమీ రాలిపోవు.

పీతల కాలం అప్పుడే మొదలైంది. బయట చలివాన. కువాబారా గారు ఒంటరిగా లోపలికి వచ్చారు. నల్ల సూటు, నల్ల టై. మా దగ్గర నల్ల టై కట్టేది చావుకే. భార్య మిత్సుయె గారు లేకుండా ఆయన మా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. వేసవిలో వచ్చినప్పుడే ఆవిడ సగం మనిషి అయిపోయింది. అయినా వెళ్తూ వెళ్తూ శీతాకాలానికి రెండు చోట్లు ఉంచమని చెప్పి వెళ్లింది.

"ఎప్పట్లాగే ఇద్దరికీ పెట్టండి," అన్నారాయన కూర్చుంటూ.

ఏమైందో అడగమని మా ఆయనకు సైగ చేశాను. వద్దన్నట్టు తల ఊపారు.

మా వాళ్లలో పోయినవాళ్లకూ, ఊరెళ్లి తిరిగి రానివాళ్లకూ వాళ్ల చోట్లోనే ఒక వడ్డన పెడతారు. తోకుజి ఖాళీ కుర్చీ ముందు లక్క గిన్నె పెట్టి మూత తీశారు. పీత మాంసం ఉండ, చుట్టూ తేటగా చారు. ఆవిరి పైకి పోతుంటే చేతులు జోడించి తల వంచారు. నేనూ వంచాను. ఆవిడంటే నాకు ప్రాణం, ఏడుపు ఆగలేదు.

కువాబారా గారి మొహంలో నెత్తురు లేదు.

"ఏం చేస్తున్నారండీ మీరు? మిత్సుయె బతికే ఉంది."

ఆయన తన నల్ల టై పట్టుకుని చూపించారు.

"ఆఫీసులో ఒకాయన పోతే అటు నుంచి అటే వస్తున్నా. ఆస్పత్రివాళ్లు తనని ఈ ఒక్క పూటకి పంపారు, చెల్లెలితో టాక్సీలో వస్తోంది. ఇక చేసేదేం లేదని డాక్టర్లు నాతో అన్నారు. తనకి చెప్పలేదు. తగ్గిపోతుందనే అనుకుంటోంది. అది తీసెయ్యండమ్మా, మీకు దణ్ణం పెడతా."

నేను గిన్నె మీద చెయ్యి వేసేసరికి తలుపు జరిగింది. చెల్లెలి భుజం పట్టుకుని మిత్సుయె గారు నిలబడి ఉంది. మూత తీసిన గిన్నెను చూసింది, నా తడి కళ్లను చూసింది. మా ఆయన జోడించిన చేతులు ఇంకా విడదీయలేదు.

"అప్పుడే పెట్టేశారా?" అంటూ వచ్చి కూర్చుంది.

"చల్లారిపోయిందండీ. వేరేది తెస్తాను," అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినపడింది.

"సముద్రం మీదికెళ్లిన మా అన్నయ్య రాకపోతే మా అమ్మా ఇలాగే పెట్టేదిలే." భర్త వైపు తిరిగింది. "ఎన్నాళ్లన్నారండీ?"

కువాబారా గారు బల్ల అంచు పట్టుకున్నారు.

"వసంతం దాకా ఉంటానా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. తర్వాత ఆ తల ఇంక ఎత్తలేదు.

"ఈ మాట చెప్పలేకనా రోజూ నాకు జోకులు చెప్పి చంపుతున్నారు?" అని ఆవిడ గిన్నె దగ్గరకు లాక్కుంది. ఆ వడ్డన బతికున్నవాళ్లు తినగూడదని నా చెయ్యి ముందుకు వెళ్లింది. తోకుజి పట్టుకుని ఆపారు. ఆవిడ చల్లటి చారు చివరి గుక్క దాకా తాగింది.

"తోకుజి గారూ, వసంతంలో ఏం పెడతారు?"

తర్వాత వచ్చే వంటకం ఏమిటో ఆయన ఎవరికీ చెప్పరు, నాకు కూడా. ఆ పూట మాత్రం చేతులు తుడుచుకుని ఆవిడ ఎదురుగా నిలబడి మొదలుపెట్టారు. మంచు కింద నుంచి తలెత్తే చేదు మొగ్గల వేపుడు. పులుపు కలిపిన చిన్న కణవ చేపలు. ఆల్చిప్పల చారు. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. దవడలు మెల్లగా కదులుతున్నాయి. లేత వెదురు మొలకల దగ్గర మా ఆయన ఆగి, మళ్లీ చేతులు తుడుచుకున్నారు.

"ఊఁ," అంది ఆవిడ. "ఆ తర్వాత?"