పై కాగితం మీది పేరు

పొద్దున్నే ఆఫీసు తాళం తీసేది నేనే. ఊడ్చి, బల్లలు తుడిచి, తాగేనీళ్లు నింపేసరికి మూల గదిలో ప్రింటరు దానంతట అదే లేస్తుంది. గొంతు సవరించుకున్నట్టు కాసేపు గురగురమంటుంది. తర్వాత కాగితాలు వస్తాయి. ఏ లారీ ఎక్కడికి పోవాలి, దేంట్లో ఏ సరుకు ఎక్కించాలి, అన్నీ ఆ కాగితాల్లోనే ఉంటాయి. అవి కిందికి తీసుకెళ్లి ఇస్తే గాని బండి కదలదు.

ఆ కట్ట మీద ఎప్పుడూ ఒక కాగితం ఎక్కువ వస్తుంది. దాని నడుమ పెద్ద అక్షరాలతో ఒక పేరు తప్ప ఇంకేమీ ఉండదు. కట్టను ఎవరు పంపారో వాళ్ల పేరు. అది మా మేనల్లుడి పేరు. ఇంగ్లీషు అక్షరాలే గాని నేను గుర్తుపడతాను. వాడే నేర్పాడు.

వాడు పోయాక వానలు వచ్చి వెళ్లిపోయాయి. పేరు మాత్రం రోజూ వస్తూనే ఉంది.

వాడు నా చెల్లెలి కొడుకు. ఆమెకు ఒక్కడే. ముగ్గురం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆఫీసులో కంప్యూటర్లన్నీ వాడి చేతి కింద ఉండేవి. గోడల వెంట, పైకప్పు లోపల ఉన్న తీగలన్నీ వాడు లాగినవే. అందుకే అందరూ తీగలబ్బాయి అనేవారు. ఎప్పుడూ ఏసీ నడిచే చల్ల గదిలో ఉండే పెద్ద కంప్యూటరును సర్వర్ అంటారు. "అది అత్తగారు మావయ్యా, మిగతావి కోడళ్లు. దాన్నడక్కుండా గరిటె ముట్టవు" అని చెప్పేవాడు.

జ్వరమని పడుకున్నవాణ్ణి ఆసుపత్రిలో చేర్చాం. పక్కన నేనున్నాను. చెల్లెలు వాడికి వేడిగా ఏదైనా వండి తెస్తానని ఇంటికెళ్లింది. క్యారేజీ పట్టుకుని తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ క్యారేజీ మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోయాం.

వాడి చోట్లోకి ఒక అమ్మాయి వచ్చింది. చిన్నపిల్ల, మాట చురుకు. నన్ను బాబాయ్ అనేది. పోయినవాళ్ల పేరు మీద తలుపు తెరిచి ఉంచకూడదంటూ, వచ్చిన కొత్తలోనే సర్వర్‌లో వాడి పేరును నిద్రపుచ్చింది. మర్నాడు ప్రింటరు లేవలేదు. లారీలు బారు తీరి నిలబడ్డాయి. డ్రైవర్లు మెట్లెక్కి పైకి వచ్చారు. కంప్యూటర్ల నుంచి ఉత్తరాలు పోలేదు. మేనేజరు గారు ఆ పిల్ల మీద విరుచుకుపడ్డారు. ఆమె గబగబా వాడి పేరును మళ్లీ లేపింది. లేపగానే అన్నీ కదిలాయి.

"ఏం చేశాడమ్మా మావాడు?" అని అడిగాను.

"తొందరలో చేసిన పని బాబాయ్. ఇది ఎవరి తరఫున చేయమంటావని సర్వర్ ప్రతి పనికీ అడుగుతుంది. ప్రతిసారీ తన పేరే ఇచ్చాడు. ఇప్పుడు మనిషి లేకపోయినా అది ఆయన మాటే వింటోంది. ఆ పేరు తీసేస్తే ఎవరి మాటా వినదు."

పక్క బల్ల గుమాస్తా నవ్వాడు. "బాగుంది. మనం బతికుండి సెలవడిగితే ఇవ్వరు. వాడు పోయినా ఇవ్వట్లేదు."

నలుగురూ నవ్వబోయి, నేనున్నానని చూసి తలలు దించుకున్నారు.

చల్ల గదిలో వాడు వేసుకునే స్వెట్టరు కుర్చీకి వేలాడుతూ ఉండిపోయింది. దానికోసం ఒకరోజు చెల్లెలు వచ్చింది. గుమాస్తా చెడ్డవాడు కాదు. ఓదార్చాలనుకున్నాడు. "మీవాడు ఎక్కడికీ పోలేదమ్మా. రోజూ మాకంటే ముందొచ్చి పని మొదలెడతాడు" అని తెర మీద వాడి పేరు చూపించాడు. పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది.

చెల్లెలు దాన్ని చాలాసేపు చూసింది. చెత్తబుట్టలో నేను పడేసిన ఆ పూట పేరు కాగితం తీసి, మడతలు సరిచేసి, చీర కొంగులో కట్టుకుంది. స్వెట్టరు తీసుకోలేదు.

"ఉండనీ అన్నయ్యా. చలేస్తుంది వాడికి."

అంతవరకూ రోజూ ఏడ్చే మనిషి మర్నాటి నుంచి ఏడవలేదు. నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే క్యారేజీ చేతికిచ్చింది.

"ఎవరికే?" అన్నాను.

"ఎవరికంటావేంటి? వాడికి. చల్లారకముందే తినమను."

పిచ్చి అందామంటే లేదు. కూరలవాడితో బేరంలో ఎవరూ ఆమెను మించలేరు. ఇల్లు అద్దంలా ఉంటుంది. ఈ ఒక్క సంగతిలోనే ఇలా. నాకసలే మాట తక్కువ. ఆమె ముఖం చూశాక ఆ ఉన్న మాట కూడా నోట్లోనే ఉండిపోయింది. క్యారేజీ తీసుకెళ్లి సర్వర్ పక్కన బల్ల మీద పెట్టాను. సాయంత్రం అలాగే తిరిగి తెచ్చాను. చెల్లెలు మూత తీసి చూసింది.

"పని ఎక్కువుందేమో" అంది. అన్నం పారబోసింది. తాను పస్తు పడుకుంది.

అదే వరస అయింది. వాడు తిననిది నేనెలా తింటాననేది. బతిమాలితే గ్లాసెడు పాలు తాగేది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేవి. ఇంకొన్నాళ్లిలా గడిస్తే కొడుకు వెంటే తనూ పోతుందని నాకు తెలుస్తోంది.

ఒక సాయంత్రం క్యారేజీ ఎత్తితే తేలిగ్గా వచ్చింది. మూత తీశాను. గిన్నెలన్నీ ఖాళీ. కడిగి బోర్లించి మళ్లీ పేర్చినట్టున్నాయి. సర్వర్ మీద చిన్న దీపాలు మిణుకుమంటున్నాయి. కుర్చీ మీద స్వెట్టరు లేదు.

ఇంట్లో చెల్లెలు ఖాళీ గిన్నెలు చూసి నవ్వింది. ఎన్నాళ్లకో కంచం పెట్టుకుని నాలుగు ముద్దలు తింది. "చూశావా అన్నయ్యా, ఇవాళ తీరిక దొరికింది వాడికి" అంది. నాకు ముద్ద దిగలేదు.

మర్నాడూ గిన్నెలు ఖాళీగానే వచ్చాయి. ఆ తర్వాత రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక చల్ల గది తలుపు మెల్లగా తోశాను. సర్వర్ వెనక నేల మీద, గోడవైపు తిరిగి, వాడి స్వెట్టరులో ఎవరో తల వంచుకుని అన్నం తింటున్నారు. కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి. ఒరేయ్ అనబోయాను.

తల తిప్పింది. కొత్తమ్మాయి.

"అలా బిగుసుకుపోయావేంటి బాబాయ్? రోజూ ఇక్కడ పెట్టి పోతావు, సాయంత్రం ముట్టకుండానే పట్టుకుపోతావు. నాకోసమే తెచ్చి, మొహమాటంతో చెప్పట్లేదనుకున్నా. పని వదిలి బయటికెళ్లే తీరిక ఎక్కడుంది నాకు?"

అప్పుడు చెప్పాను. నా బతుకులో అంతసేపు ఎప్పుడూ మాట్లాడి ఉండను. ఆమె చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. లేచి చెయ్యి కడుక్కుని స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించింది.

రెండువేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లకు తేదీ తెలియకుండా పోతుందని ఆఫీసులన్నీ హడలిపోతున్న రోజులవి. మాకూ కొత్త సర్వర్ వస్తోంది. పోయినవాడి పేరు దాంట్లోకి ఎక్కించకూడదని పైవాళ్ల మాట. ఆ పిల్ల కొన్ని వారాలుగా ఒక్కో పనినీ వాడి పేరు మీంచి తప్పించి వేరే పేరు మీద పెడుతోంది.

"ఇంకొక్కటే మిగిలింది బాబాయ్. పొద్దుటి కాగితాలు. అదీ మార్చేస్తే పేరు తీసెయ్యాలి." గొంతు తగ్గించింది. "కావాలంటే పేరు కాగితం ఒక్కటీ రోజూ వచ్చేలా విడిగా పెట్టిస్తా. దాని వెనక పనేమీ ఉండదు. ఉత్త పేరు. అన్నం నేను తింటా. ఆ అమ్మకు తెలియదు."

మంచి మనసుతోనే అంది. ఆ రాత్రంతా ఆ మాట నన్ను తొలిచింది. అబద్ధం మీదైనా మనిషి తింటోంది కదా అనుకున్నాను. తెల్లారాక చెల్లెలి చేతిలోని క్యారేజీ కోసం చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను.

"ఇవాళ నువ్వే తీసుకురా" అన్నాను. "ఉత్త పేరుకు నేను మోయలేను."

నా ముఖంలోకి చూసింది. చెప్పులేసుకుంది.

చల్ల గదిలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాం. కూర్చుంటూనే వీపు వెనక స్వెట్టరును చేత్తో తడిమింది.

"నా కొడుకేడి?" అని ఆ పిల్లను అడిగింది.

ఆ పిల్ల తెర మీద ఒక వరస చూపించింది. "ఇదొక్కటే ఉందమ్మా. ఆయన చేస్తున్నది కాదు. ఎప్పుడో చెప్పి పెట్టాడు. ఇది మరిచిపోకుండా చేస్తోంది, అంతే."

"మరి అన్నం ఎవరు తిన్నారు?"

"నేనేనమ్మా."

చెల్లెలు ఆ పిల్లను కిందినుంచి పైకి చూసింది.

"ఉప్పు సరిపోయిందా?"

"కొంచెం తక్కువే."

"వాడికలా ఉంటేనే ఇష్టం."

మళ్లీ తెరవైపు తిరిగింది. వేలితో ఆ పచ్చ చుక్కను ముట్టుకుంది. గాజుపలక వేలికి చల్లగా తగిలినట్టుంది, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తీసెయ్యమ్మా" అంది.

ఆ పిల్ల నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. ఆఖరి పనినీ వేరే పేరుకు మార్చి ఆమె మీట నొక్కిన చప్పుడు వినిపించింది. తల ఎత్తితే చుక్కా లేదు, పేరూ లేదు. సర్వర్ మాత్రం ఎప్పటిలాగే గుయ్యిమంటోంది.

"అంతేనా?"

"అంతేనమ్మా."

ఇంటిదారిలో వంతెన దాటాక అడిగింది. "ఆ రోజు వాడు ఆకలన్నాడా?"

ఇన్నాళ్లలో ఈ మాట అడగడం ఇదే మొదలు.

"లేదే. నీళ్లడిగాడు."

"ఇచ్చావా?"

"ఇచ్చాను."

తల ఊపింది. ఇంటికి చేరాక లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపటికి ఏడుపు మొదలైంది. అలాంటి ఏడుపు నేనెప్పుడూ వినలేదు. నేను గుమ్మం బయట కూర్చున్నాను. ఆపమని చెప్పడానికి లేవలేదు.

పక్క వాటాలోకి కొత్తగా దిగినావిడ పొయ్యి మీది గిన్నె దించేసి పరుగున వచ్చింది.

"అయ్యో, ఏమైందండీ?"

"కొడుకు పోయాడు."

"ఎప్పుడు?"

"ఇవాళే" అన్నాను.