తలలో ఉన్న ఆస్తి

మెడకు టై కట్టుకున్న మనిషి ఖాజాగూడలో జీపు దిగితే, అది భూమి కోసమేనని మా అత్తమ్మ చంద్రమ్మ నమ్మకం. మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల గుండ్రటి అద్దాల మేడ లేచి, చుట్టుపక్కల భూముల ధరలు పెరిగాక ఆ నమ్మకం మరీ ముదిరింది. ఆమెను తప్పుపట్టలేను. నా పెళ్ళికి ముందు అలాంటివాడే ఒకడు కౌలు కాగితమని చెప్పి మామయ్య పెంటయ్యతో వేలిముద్ర వేయించుకున్నాడు. తీరా చూస్తే అది అమ్మకం కాగితం. గుట్ట పక్క రెండెకరాలు పోయి ఎకరం మిగిలింది.

ఆ రోజు జీపు మా ఇంటి ముందే ఆగింది.

"లోపలికి పో కృష్ణప్రియా" అంది అత్తమ్మ. " నీకు సదువొచ్చని నోరు జారకు. సదువుకున్నోళ్ళు సంతకం పెడితే ఇగ కోర్టు గూడ ఇనదంట."

నాకు ఒళ్ళు మండింది. బీఎస్సీ లెక్కలు చదివినదాన్ని, తలుపు చాటున దొంగలా నిలబడాలా! కానీ నిజం చెప్పొద్దూ, ఆ టై మీద నాకూ అనుమానమే.

వచ్చినతని పేరు గిరీష్. ఏదో సర్వే కంపెనీ.

"భూములు, గనులే రాష్ట్రానికి ఆస్తి కాదమ్మా. జనం తలల్లో ఉన్న చదువు కూడా ఆస్తే. అది ఎంతుందో కొలుస్తున్నాం."

ఆస్తి అన్న మాట చెవిన పడగానే అత్తమ్మ, పక్కనే కూర్చున్న మామయ్య బొటనవేలి మీద కొంగు కప్పేసింది.

"తలకాయలు గూడ కొలుస్తరా బిడ్డా? టేపు పెట్టి కొలుస్తరా, కుంచం పెట్టి కొలుస్తరా?"

"ప్రశ్నలడిగి కొలుస్తాం. ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళు ఎందరు?"

"ఎవ్వల్లేరు."

"ఉంటే చెప్పండమ్మా, కంప్యూటర్ ట్రైనింగుకు పేరు రాస్తాం. ఉచితం."

"ఉత్తగనే ఇస్తమంటేనే నాకు ఫికరైతది. లేరంటే లేరు. రాస్కో."

అతను సున్నా చుట్టాడు. మూడేళ్ళు బస్సుల్లో వేలాడి చదివిన చదువు నా కళ్ళ ముందే సున్నా అయిపోయింది. ఏడుపొచ్చింది. అంతలో అతను స్టాంపు ప్యాడ్ తీసి, "పెద్దాయనా, ఇక్కడ వేలిముద్ర వేయండి" అన్నాడు.

మామయ్య ముఖం పాలిపోయింది. ఇక ఆగలేకపోయాను.

"ఆగండి! ముందు ఆ కాగితం ఇలా ఇవ్వండి" అంటూ బయటికొచ్చాను.

గిరీష్ బిత్తరపోయాడు. అత్తమ్మ చూపుతోనే నన్ను కాల్చేసింది. కాగితం ఇంగ్లీషులో ఉంది. వెనక చిన్న అక్షరాలతో సహా చదివి, ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాను. ఎంతమంది చదివారు, పేపరు వస్తుందా, ఫోనుందా, ఇవే ప్రశ్నలు. భూమి మాట ఎక్కడా లేదు.

"మంచిగ జూసినవా? ఎనక గూడ?"

"చూశాను అత్తమ్మా."

"అప్పుడు నువ్వీ ఇంట్ల లేకపోతివి గదనే" అంది అత్తమ్మ. మామయ్య తల దించుకున్నాడు.

తర్వాత గిరీష్ వైపు తిరిగింది. "ఆ సున్న కొట్టెయ్. మా ఇంట్ల సదువుకున్నోళ్ళు ఒక్కరున్నరు. ట్రైనింగుకు పేరు గూడ రాయి."

గిరీష్ నవ్వి దిద్దాడు. "ఒకటి వేశానమ్మా. పేరూ రాశాను."

"నువ్వు జెప్తే నమ్ముతనా? ఇటు తే. మా కోడలు సదివి జెప్తది."