యాడికి రాళ్లు

చెప్పండి, ఆరోజు మీరేం చూశారు? నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు కదా! ఎండలో, వీపున సంచితో ఒక పెద్దావిడ నడుస్తుంటే తల బయటికి పెట్టి చూశారు. ఊరికే చూసి ఊరుకోలేదు, నోరు కూడా తెరిచారు. దాని సంగతి తర్వాత తేల్చుకుందాం.

ఆవిడ పేరు ప్రసన్నకుమారి. నంద్యాల ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఉద్యోగం పొడుగునా వార్డుల్లో నడిచింది. ఒకరి సెలైన్ కోసం, ఒకరి బెడ్‌పాన్ కోసం, ఒకరి కేక కోసం. తన కోసం నడిచింది లేదు. ఒకరోజు ఫోన్‌లో వీడియో చూసింది. జపాన్‌లో కొండదారి, పాచి పట్టిన రాతిమెట్లు. తన ఈడు ఆడమనిషి చేతికర్రతో ఒంటరిగా ఎక్కుతోంది. ఎదురొచ్చినవాళ్లు తల వంచి దారి ఇచ్చారు. ఎక్కడికని ఒక్కరూ అడగలేదు. ప్రసన్నకుమారి ఆ ముక్కనే మళ్లీ మళ్లీ చూసింది. పోతే ఆ దారికే పోవాలనుకుంది.

మన దగ్గర అడగకుండా ఉంటారా? ఆడమనిషి గడప దాటితే చాలు, "యాడికి?" ఆవిడ సంచి తగిలించుకుని నడక సాధన మొదలుపెట్టింది. ఎవరు "యాడికి" అన్నా సంచిలో టక్కుమని ఒక రాయి పడేది. పిల్లలు అడిగితే గులకరాయి, పెద్దలు అడిగితే నాపరాయి ముక్క. అడిగినవాళ్లు తప్ప ఆ రాయిని ఇంకెవరూ తీయలేరు. పేటలో అందరికీ తెలుసు. అయినా నోరు ఆగదు.

"సిస్టరమ్మా, యాడికి పోతాండావ్?" అనేవాడు ఆటో నూర్ బాషా. టక్.

"నడుస్తాండా నాయనా."

"అదే, నడిచి యాడికి?" టక్.

"నీ ఆటో పాడుగాను, నోరు మూసుకోని పో!"

"బరువుతో నడవాలంటివి గదమ్మా! సాయం చేస్తాండా," అని నవ్వేవాడు.

జపాన్‌కు మనుషుల్ని తీసుకుపోయేది గీతాంజలి అనే కర్నూలు అమ్మాయి. "ఆంటీ, సంచితో వరుసగా రెండు రోజులు నడవండి. నేను వెనకాల రాను. మధ్యలో బండెక్కితే మీరే చెప్పేయండి, ఈసారికి వద్దనుకుందాం," అంది.

మొదటి రోజు శిరివెళ్ల, రెండో రోజు ఆళ్లగడ్డ అనుకుంది ప్రసన్నకుమారి. ఆళ్లగడ్డలో తమ్ముడు సాల్మన్ రాజు సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కుతాడు. జపాన్ మాట వినగానే అందరికంటే ముందు అడిగింది అతనే: "ఈ వయసులో యాడికక్కా? నడిచేదానికి ఈడ రోడ్లు లేవా?" ఆరోజు పడింది తలకాయంత నల్లరాయి.

శిరివెళ్లలో తెలిసినవాళ్లింట్లో పడుకుని, తెల్లారి మళ్లీ నడిచింది. ఆళ్లగడ్డ ఇంకాస్త దూరం ఉందనగా మీ బస్సు వచ్చింది. "యాడికమ్మా?" అని అరిచారు మీరు. టక్. సంచి పట్టీ తెగింది. ఆవిడ కల్వర్టు మీద కూలబడింది. లేద్దామంటే సంచి లేవదు, సంచి వదిలి పోదామంటే మనసొప్పదు.

ఎదురుగా స్కూటర్ మీద సాల్మన్ రాజు వచ్చాడు. గెలిచిన మొహం. "చెప్తే వింటివా? ఎక్కు."

"ఎక్కను."

"సంచన్నా ఇటియ్యి," అని లాగబోయి తూలాడు. లోపల చెయ్యి పెట్టాడు. రాళ్లతోనే బతికినవాడు, తన రాయిని గుర్తుపట్టడా? రెండు చేతులతో బయటికి తీసి దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంతా నాదేనా అక్కా?"

"నీదేరా. ఇన్నాళ్లూ మోసినా."

అతను రాయిని స్కూటర్ మీద పెట్టుకున్నాడు. తెగిన పట్టీని తన తువ్వాలుతో ముడేశాడు. ఆవిడ సంచి ఎత్తుకుని లేచింది. అతను స్కూటర్ స్టార్ట్ చేయలేదు, తోసుకుంటూ అక్క వెనకాలే నడిచాడు. ఆళ్లగడ్డలో ఎవరో "యాడికి సాల్మనన్నా, పెట్రోలు అయిపాయెనా?" అన్నారు. అతని జేబులో టక్కుమంది.

గీతాంజలి టికెట్టు తీసింది. తమ్ముడి సంగతి విని పేటవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ రాళ్లు తీసుకుపోయారు. నూర్ బాషాకు ఆటో నిండింది. సంచిలో ఇక ఒక్కటే మిగిలింది, బస్సులోంచి మీరు అడిగినప్పుడు పడింది. విమానంలో బరువు చూస్తారంటే, "ఒక చీర తగ్గించుకుంటా" అంది ప్రసన్నకుమారి. ఆమె పోవడం ఆగదు.

మీరే చెప్పండి. వచ్చి మీ రాయి తీసుకుంటారా, ఆ కొండమెట్లన్నీ ఆమె చేతనే మోయిస్తారా?