ఆరువందల ఇరవై ఎకరాలు

మా సరస్సు నాలుగువందల ఎకరాలు. సగం ఎగువ రాష్ట్ర ప్రభుత్వానిది, సగం దిగువ రాష్ట్ర ప్రభుత్వానిది. నీళ్ళనిండా అల్లుకుపోయిన గుర్రపుడెక్క మాత్రం ఎవరిదీ కాదు. ఆ ఇద్దర్నీ, జాలర్ల సంఘాన్నీ ఒక్క బల్ల ముందు కూర్చోబెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ముందు ఎవరు సంతకం పెట్టాలన్న దగ్గరే ఎనిమిది నెలలు. సమన్వయాధికారి అన్న పేరు వినడానికి దర్జాగానే ఉంటుంది గానీ, చేసేది అత్తాకోడళ్ళ మధ్య నలిగే మొగుడి ఉద్యోగమే.

గుర్రపుడెక్క తీసే పని మొదలయ్యాక నివేదికలు చకచకా వచ్చాయి. ఇన్ని ఎకరాలు తీశామని ఎగువవాళ్ళు, ఇన్ని తీశామని దిగువవాళ్ళు. ఏ వారం లెక్క ఆ వారం కూడి, సంతకం చేసి పైకి పంపేదాన్ని. శభాష్ అన్నారు. పొంగిపోయాను.

మా బాబాయి నలభై ఏళ్ళుగా ఆ సరస్సులోనే వల వేస్తున్నాడు. మూడు నెలల కిందట మా ఇంటికొచ్చాడు.

"తీశాం తీశాం అంటున్నారు, పడవ గజం కదలట్లేదమ్మా. ఇలాగే ఉంటే దాన్ని అమ్మేసి ఎక్కడైనా వాచ్‌మన్‌గా చేరిపోతాను. ఒకసారి వచ్చి చూడు."

"నివేదికల్లో తగ్గుతోంది బాబాయ్, కాస్త ఓపిక పట్టు" అన్నాను. ఎంత తెలివితక్కువదాన్నో! మా ఆఫీసు నుంచి గట్టుకి పావుగంట నడక.

నిన్న ముగింపు సమావేశం కోసం మొత్తం కూడితే ఆరువందల ఇరవై ఎకరాలు తేలింది. నాలుగువందల ఎకరాల సరస్సులో! గట్టుకి పరుగెత్తాను. ఎగువ కూలీలు పొడుగాటి గడలతో మొక్కల్ని సరిహద్దుగా తేలుతున్న డ్రమ్ముల అవతలికి నెడుతున్నారు.

"మా వైపు ఖాళీ చేయమన్నారండీ" అన్నాడు మేస్త్రి.

మధ్యాహ్నం గాలి మళ్ళగానే అవతలివాళ్ళు అంతే శ్రద్ధగా ఇటు నెట్టారు. ఒడ్డున ఒక్క కుప్ప లేదు. నెట్టిన ప్రతిసారీ అది తీసినట్టే రాసుకున్నారు.

నిజం చెబితే ఒకరినొకరు తిట్టుకుని లేచిపోతారనీ, రెండేళ్ళ కష్టం గంగపాలవుతుందనీ భయం వేసింది. అయినా ఇవాళ సమావేశంలో చెప్పేశాను.

"నా సంతకాలన్నీ తప్పు. మనం తీసింది సున్నా."

ఎగువ ఇంజనీరు కుర్చీ వెనక్కి తోశాడు. "అంటే మేం అబద్ధాలకోరులమా?"

"కాదండీ. నేను అడిగిందే మీరు చేశారు. అడగడమే తప్పుగా అడిగాను. ఇకనుంచి ఖాళీ అయిన నీళ్ళు లెక్క కాదు. ఒడ్డుకి లాగి ఎండబెట్టిన కుప్పలే లెక్క. రెండు వైపులా ఒకే రోజు మొదలుపెట్టాలి."

"మావాళ్ళూ నెట్టారు" అంది దిగువ ఆఫీసరమ్మ. "సోమవారం పెట్టుకుందాం." ఇంజనీరు మొహం మాడ్చుకునే తలూపాడు.

ఆ కబురు పట్టుకుని బాబాయి ఇంటికి ఒక్క పరుగున వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, ఒంటి మీద నీలం యూనిఫాం. పడవ పొద్దున్నే అమ్మేశాడట. చెప్పిందంతా విన్నాడు.

"మంచి పని చేశావమ్మా. మిగతావాళ్ళన్నా బాగుపడతారు."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.

ఆయన జన్మలో బూట్లు తొడిగి ఎరగడు. లేసులు ఎలా కట్టుకోవాలో తెలియక రెండు కొసలూ చేత్తో పట్టుకుని ఉన్నాడు. మొదటిరోజే ఆలస్యమైతే బాగుండదేమో అన్నాడు. నేను కింద కూర్చుని కట్టాను.