నడిపించినవాడి నడక

అక్క తమ్ముడి ఎడమ చెప్పును బోర్లించి, మడమ కింద అరిగిన రబ్బరు పొరను కత్తిమొనతో పెకలిస్తోంది. కొత్త రబ్బరు మీద మడమ కొలతకి కత్తిరించి ఉంచుకున్న అట్టముక్క పెట్టి, చుట్టూ సుద్దతో గీసుకుని, గీత తప్పకుండా కోసింది. అటెండరు ఉద్యోగానికి బయల్దేరాల్సిన తమ్ముడు గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ, ఈ పూటకి పాతదే చాలు, ఆలస్యమవుతోంది అన్నాడు. ఆవిడ చెవిన వేసుకోలేదు. జిగురు పూసి, అతికించి, పైన బరువు కోసం తనే ఎక్కి నిలబడింది.

అతను చంటివాడుగా ఉన్నప్పుడు, ఎత్తుకోవద్దంటున్నా వినకుండా చంకనేసుకుని మెట్లు దిగుతూ జారవిడిచింది అక్క. అప్పటికి ఆవిడా చిన్నపిల్లే. తరవాత వాడు నడక నేర్చాడు గానీ, ఎడమ కాలు కాస్త కురచ, అడుగడుక్కీ ఒక పక్కకి ఒరిగే నడక. "నువ్వే కదే పడేశావు" అంది అమ్మ ఒక్కసారి. ఆ మాట వెనక్కి తీసుకోకుండానే పోయింది. చెప్పు ఎత్తు చేసే పని ఆనాటి నుంచి అక్కదే. పెళ్ళి మాటెత్తితే వీణ్ణెవరు చూస్తారంది. సముద్రం పక్క ఊళ్ళో ఉండే చెల్లెలు, వచ్చి నా దగ్గరుండవే అని బతిమాలిన ప్రతిసారీ, వీడి చెప్పెవరు కుడతారంది. ఆవిడ సంసారం అతనూ, అతని సంసారం ఆవిడా అయిపోయారు. ఇంత చేసే మనిషి, తమ్ముడు గుమ్మం దిగి నడవబోయే సరికి మాత్రం ఏదో పనున్నట్టు లోపలికి తిరిగిపోతుంది. ఆ రోజూ అంతే.

అతని ఉద్యోగం పశువుల ఎముకల శస్త్రవైద్యుల సంఘంలో. అలాంటి సంఘం కూడా ఒకటుంటుందా అని కొత్తవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. ఉంటుంది. మేడ మీద రెండు గదులు, ఒక హాలు. అద్దాల బీరువాలో గుర్రం మోకాలు, పిల్లి వెన్నుపూస, విరిగిన ఎముకల్ని కలిపే రేకులు, మరలు. నోరులేని జీవాలు ఎక్కడ నొప్పో చెప్పవు కాబట్టి, ముట్టుకునే ముందు నడిపించి చూడాలన్నది వీళ్ళ మొదటి పాఠం. అది వాళ్ళకి ఎంత ఒంటబట్టిందంటే, పెళ్ళికెళ్ళినా పెళ్ళికూతురి నగలు మానేసి నడక చూస్తారని వాళ్ళ ఇంట్లోవాళ్ళే ఆటపట్టిస్తారు. అటెండరు టీ పళ్ళెంతో హాల్లోకి వస్తే చాలు, మాట్లాడుతున్నవాళ్ళు మాట్లాడుతూనే అతని కాలి వంక చూస్తారు. చూసి, తప్పు చేసినట్టు టీ కప్పులోకి చూస్తారు. ఒక్కరూ అడగరు. మనుషుల జోలికి పోకూడదన్నది వాళ్ళ వృత్తి నియమం. ఏం కనిపిస్తుందబ్బా వీళ్ళకి అని అతనికి ఎన్నాళ్ళనుంచో కుతూహలం. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ రోజు సంఘం వార్షిక సమావేశం. పొద్దున్నే కుర్చీలు వేశాడు, తెర కట్టాడు. ఒక డాక్టరుగారు తను ఆపరేషన్ చేసిన గోధుమరంగు ఆడకుక్కను వెంటబెట్టుకొచ్చారు. దాన్ని గొలుసుతో పట్టుకుని రబ్బరు పట్టా మీద అటూ ఇటూ నడిపించే పని అటెండరుకి అప్పగించి, వీడియో తీశారు. కుక్క బుద్ధిగా నడిచింది. మధ్యలో ఒకసారి ఆగి అతని చెప్పుకున్న కొత్త రబ్బరు వాసన చూసి తుమ్మింది.

మధ్యాహ్నం దీపాలార్పి ఆ వీడియో వేశారు. తెర మీద కుక్క నిండుగా, దాని వెనక అటెండరు నడుం నుంచి కిందికి మాత్రమే. ఏ కాలు విరిగి అతికిందో కనిపెట్టండి చూద్దాం అన్నారు ఆ డాక్టరుగారు, ఎవరూ కనిపెట్టలేరన్న ధీమాతో. నిజంగానే ఎవరికీ అంతుపట్టలేదు. ఆ ఏడే సంఘంలో చేరిన చిన్న డాక్టరమ్మ ఒకావిడ చివరి వరసలోంచి లేచింది.

"వెనక ఎడమ కాలండి. విరిగింది కాదు. తుంటిలో గిన్నె లోతు లేక కీలు కుదురుకోలేదు. పుట్టుకతో వచ్చిందే."

డాక్టరుగారు తెల్లబోయారు. ఆయన అతికించింది ముందు కుడి కాలు. ఎక్కడమ్మా అంటే, ఆవిడ ధైర్యంగా తెర దగ్గరికి వెళ్ళి వేలు పెట్టింది. ఆ వేలు అటెండరు ప్యాంటు మీద ఉంది. హాలంతా గొల్లుమంది. అంతలోనే, వెనక గోడ దగ్గర పళ్ళెం పట్టుకుని అతను నిలబడి ఉన్నాడని ఎవరో చూశారు. నవ్వు ఠక్కున ఆగిపోయింది. డాక్టరమ్మ నాలుక కరుచుకుంది. ముందు వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న పెద్దాయన, సంఘం మాజీ అధ్యక్షుడు, మెల్లిగా అన్నాడు:

"కాలు విషయంలో పొరపడింది గానీ, జబ్బు విషయంలో పొరపడలేదు."

తరవాత ఆ హాల్లో ఎవరేం మాట్లాడారో అటెండరుకి తెలియదు. పుట్టుకతో అన్న మాటొక్కటే చెవుల్లో తిరుగుతోంది. సభ ముగిశాక, పెద్దాయన మెట్ల దగ్గర కారు కోసం నిలబడి ఉంటే, వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, నన్ను చిన్నప్పుడు మా అక్క పడేసింది. దాంతోనే ఇలా అయిందంటారు."

మనుషుల గురించి నేను నోరు విప్పకూడదయ్యా అన్నాడు పెద్దాయన. అని, ఒక్క క్షణం ఆగి, వరండా చివరిదాకా వెళ్ళిరమ్మన్నాడు. అటెండరు వెళ్ళొచ్చాడు. జన్మలో మొదటిసారి, ఒకరు చూస్తున్నారని తెలిసి, వాళ్ళు చూడాలనే నడిచాడు.

"ఎక్స్-రే తీయించుకో. మనుషుల డాక్టరుకి చూపించు. ఒట్టేసి చెప్పలేను గానీ, పడితే వచ్చే నడక ఇది కాదు. మీ అక్క ఎత్తుకోకపోయినా నువ్విలాగే నడిచేవాడివి."

ఇంటికి వెళ్ళే దారిలో ముందు ఈల వేయాలనిపించేంత సంతోషం కలిగింది. సందు మలుపు దగ్గరికొచ్చేసరికి కాళ్ళు నెమ్మదించాయి. అక్కను ఈ ఇంటికి కట్టేసింది ఆ పడెయ్యడమేనని అతనికి తెలుసు. ఆ ముడి విప్పేస్తే ఆవిడ ఎందుకుంటుంది? చెప్పకపోతే, రేపు పొద్దున కూడా చెప్పు సిద్ధంగా ఉంటుంది. భయమేసింది. తన భయానికి తనకే సిగ్గూ వేసింది.

గుమ్మంలోనే చెప్పేశాడు, లోపలికెళ్తే మనసు మారుతుందని.

అక్క అతని ఎడమ చెప్పు అందుకుని, పొద్దున అతికించిన రబ్బరును వేలితో నొక్కి చూసింది.

"కుక్కల డాక్టర్లేగా" అంది.

"ఎక్స్-రే తీయిస్తానక్కా. వాళ్ళు కూడా అదే అంటారు."

"ఈ సంగతి తెలియకుండానే అమ్మ పోయింది కదరా" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కొచ్చి, గోడకి ఆనుకుని కూర్చుని అడిగింది: "ఏదీ, ఒకసారి నడువు. చూస్తాను."

ఆ గదిలో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిచాడు. ఆవిడ కళ్ళు తిప్పుకోలేదు.

ఎక్స్-రే కూడా ఆ మాటే చెప్పింది. మర్నాడు అక్క సంచీ సర్దుకుంది. చెల్లెలి దగ్గర కొన్నాళ్ళుండి, సముద్రం చూసొస్తానంది. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని అతను అడగలేదు. సంచీ మోసుకెళ్ళి బస్సెక్కించాడు, కిటికీ పక్క సీటు చూసి మరీ. వెనక్కి వస్తూ తిరిగి చూస్తే, ఆవిడ కిటికీలోంచి మెడ చాచి అతని నడకనే చూస్తోంది. అందుకని మలుపు దాకా తొందరపడకుండా నడిచాడు.

ఇంటి తలుపు తీశాడు. గూట్లో జిగురు డబ్బా, కత్తి, రబ్బరు ఎప్పటి చోట్లోనే ఉన్నాయి. మడమ కొలత అట్టముక్క మాత్రం అతని చేతికందే ఎత్తున కొత్తగా కొట్టిన మేకుకి వేలాడుతోంది, అంచుల చుట్టూ సుద్ద ఇంకా తెల్లగా.