చేతులారా ఇచ్చిన తుపాకి

వేదవతి కారు డిక్కీలోంచి రబ్బరు చెప్పులు తీసి వేసుకుంటూ ఉండగానే వాన వెలిసింది. సముద్రాల అవతలి ఈ హెండర్సన్‌లో వానకు ఒక పద్ధతంటూ లేదు. తడిసేలోపే ఎండ కాస్తుంది, ఆరేలోపే మళ్ళీ జల్లు. ఆమె ఏప్రాన్ బిగించుకుని, జుట్టు ముడి సరిచేసుకుని, గ్లోవ్స్ పెట్టె చంకన పెట్టుకుని కాల్విన్ గారి ఇంటి మెట్లెక్కింది. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ముసలివాళ్ళను మంచాల మీద నుంచి లేపీ లేపీ అమ్మ భుజాలు పహిల్వాను భుజాలయ్యాయని కూతురు సిరి ఎగతాళి చేస్తుంది. వేళ్ళ చివర్లు ఎప్పుడూ సబ్బునీళ్ళకు నాని, ముడతలు పడి ఉంటాయి.

ముసలివాళ్ళకు స్నానాలు చేయించడం, బట్టలు మార్చడం, మాత్రలు వేయించడం ఆమె ఉద్యోగం. ప్రభుత్వం డబ్బుతో నడిచే ఒక ఏజెన్సీ ఆమెను ఇంటింటికీ పంపుతుంది. భర్త రవిచంద్రది సిటీలో కంప్యూటర్ ఉద్యోగం. ధర్మవరంలో ఉన్న అత్తగారికి మాత్రం కోడలిది నర్సు పని లాంటిదని చెప్పి పెట్టారు. పరాయి మగవాళ్ళ వీపులు రుద్దుతుందని ఇన్నేళ్ళయినా చెప్పలేదు. మొదట్లో ఇంటికొచ్చి బాత్రూంలో ఏడ్చేది. ఇప్పుడు ఆమెకు ఒళ్ళంటే ఒళ్ళే. ఎక్కడ పుండు పడేలా ఉంది, ఏ మోకాలు ఏ పక్కకు తిప్పితే నొప్పి, అంతవరకే చూస్తుంది.

తలుపు తీసింది కాల్విన్ గారి భార్య మరీకె. హాలండ్‌లో పుట్టి, పడుచు వయసులో ఓడెక్కి ఈ దేశం వచ్చిన మనిషి. ఎనభై దాటినా కర్ర పట్టుకోదు. ఈరోజు ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"బీరువా తాళం తీశాడు," అంది గుసగుసగా.

గరాజులో ఉన్న ఇనప బీరువా సంగతి వేదవతికి తెలుసు. అందులో ఉన్నది కాల్విన్ గారి రైఫిల్. అమెరికాలో, వ్యోమింగ్‌లో ఉండగా ఆయనకు తండ్రి ఇచ్చినది. దాన్ని భుజాన వేసుకునే ఆయన కుర్రతనంలో ఇక్కడికొచ్చి, ఈ దేశపు దక్షిణ దీవి కొండల్లో జింకల్ని కాల్చే పనిలో చేరాడు. అడవులు మేసేస్తున్నాయని వాటిని కాల్పించిందీ, జీతం ఇచ్చిందీ ఈ దేశపు ప్రభుత్వమే. ఆ సంగతి గుర్తుచేస్తే మాత్రం ఆయనకు నచ్చదు. మొన్న వేసవిలో పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉండగా లైసెన్సు గడువు అయిపోయింది. మతి కూడా ఒక్కోసారి తప్పుతోంది. మళ్ళీ లైసెన్సు ఇవ్వడం కుదరదని చెప్పేశారు. ఈ ఉదయం వచ్చి తుపాకి తీసుకెళ్తామని పోలీసులు నిన్న ఫోన్ చేస్తే "రానీ" అన్నాడట. ఆ ఒక్క మాటలో ఏముందో తెలియక మరీకెకు రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

వేదవతి వరండాలోనే ఆగి, ముందుగది కిటికీలోంచి తొంగిచూసింది. ఆయన పైజామాతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తొడల మీద రైఫిల్. పాత ఫ్లానెల్ గుడ్డతో తుడుస్తున్నాడు. ఎడమ చెయ్యి వణుకుతోంది.

ఆమె ఆఫీసుకు ఫోన్ చేసింది. ఎత్తింది రోహిత్, నెల్లూరు నుంచి చదువుకోవడానికొచ్చి ఇక్కడే సెటిలైన కుర్రాడు.

"ఆంటీ, తుపాకి కనిపిస్తే వెంటనే బయటికి వచ్చేయాలండి. అది రూల్."

"వచ్చేసినా నాయనా. వరండాలోనే ఉండా."

"కారులో కూర్చోండి ఆంటీ ప్లీజ్. నేను పోలీసులకు కాల్ చేస్తా."

"వాళ్ళు ఎట్లాగూ వస్తాండారు. ఇంట్లో తుపాకి బయట ఉందని చెప్పు, అంతే. ఆయన మంచోడు నాయనా. ఊరికే భయపెట్టేట్టు చెప్పొద్దు."

ఫోన్ పెట్టేసి మరీకెను తన వెనక్కి రమ్మంది. ఆ తర్వాత కిటికీకి ఒక పక్కగా నిలబడి, ఎప్పటిలాగే పలకరించింది.

"గుడ్ మార్నింగ్, కాల్విన్ గారూ."

ఇక్కడ అందరూ అందర్నీ పేర్లు పెట్టి పిలుస్తారు. తండ్రి వయసువాణ్ణి ఉత్త పేరుతో పిలవడానికి ఆమెకు నోరు రాలేదు. ఇంగ్లీషులో మాట్లాడుతూనే చివర గారూ తగిలించేది. అదేమిటో తెలుసుకున్నాక ఆయన కూడా ఆమెను అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

"లోపలికి రా, వేదా గారూ."

"అది మీ ఒళ్ళో ఉండగా నేను రాకూడదు. మా రూలు."

"రూలు!" ఆయన తల ఎత్తలేదు. "మా ఊళ్ళో అయితే ప్రభుత్వం మనిషి గుమ్మం తొక్కే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంటాడు. ఎందుకో తెలుసా? లోపల ఇది ఉంటుంది గనక. మా నాన్న నాకు నేర్పింది అదే. ఇప్పుడెవడో వస్తాడు, దీన్ని ఎత్తుకుపోతాడు. నేను పైజామాతో కూర్చుని చూస్తూ ఉండాలి."

వెనకనుంచి మరీకె ఏదో అనబోయింది. వేదవతి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత నెమ్మదిగా అంది:

"పైజామాతో ఎందుకు? స్నానం చేయిస్తాను. గడ్డం గీస్తాను. మంచి బట్టలు వేసుకుని, లేచి నిలబడి, మీ చేత్తో మీరే ఇవ్వండి."

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. వేదవతి కదల్లేదు. మళ్ళీ చిన్న జల్లు పడి ఆమె భుజం తడిసింది. చివరకు ఆయన రైఫిల్ పక్కనున్న పిడిని లాగి, లోపలి బోల్టును ఊడదీశాడు. వణికే చేత్తోనే దాన్ని కిటికీ గట్టు మీదకు జరిపాడు.

"గుళ్ళు లేవు. ఇక ఇది ఉత్త కర్ర."

నూనె వాసన వేసే ఆ ఇనప ముక్కను వేదవతి ఏప్రాన్ జేబులో వేసుకుని లోపలికి వెళ్ళింది. బల్ల మీద పెట్టిన రైఫిల్‌ను మరీకె ముట్టుకోలేదు. పెళ్ళయినప్పటి నుంచీ ముట్టుకోలేదు. దూరంగా నిలబడి, దాని మీదికి ఒక తువ్వాలు విసిరింది.

స్నానాల గదిలో వేడినీళ్ళ ఆవిరి కమ్ముకుంది. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఒకప్పుడు జింకల్ని భుజాన మోసిన ఒళ్ళు, ఇప్పుడు ఎముకల మీద చర్మం వేలాడుతోంది. వేదవతి వీపు రుద్దుతుంటే ఆయన మళ్ళీ అందుకున్నాడు.

"ప్రభుత్వానికి ఒకసారి లోపలికి దారి ఇచ్చామా, ఇక అంతే."

తలుపు అవతల నుంచి మరీకె గొంతు ఖంగుమంది. "నీ ప్రభుత్వం ఎప్పుడో లోపలికొచ్చింది, కాల్విన్! ఇదిగో, నీ చెవుల వెనక సబ్బు రుద్దుతోంది!"

వేదవతికి నవ్వు ఆగలేదు. ఆయన కూడా నోట్లోకి పోయిన నురగ ఉమ్మేస్తూ నవ్వాడు.

"మా హాలండ్ వాళ్ళకు ఇంట్లో తుపాకి అంటే సిగ్గు," అంది మరీకె, కాస్త తగ్గిన గొంతుతో. "అది పోలీసు దగ్గర ఉండాలి, పోలీసు మన అదుపులో ఉండాలి. అంతే కదా!"

"అంతేనట," అన్నాడాయన వేదవతితో. "మరి మీ వాళ్ళకో?"

"మా నాన్నకూ ఉండేది. అడవిపందుల కోసం."

గడ్డానికి నురగ పూస్తూ ఆమె చెప్పుకుపోయింది. తండ్రి నారాయణప్ప వేరుశనగ చేనికి పందులు పడకుండా లైసెన్సు తుపాకి పెట్టుకున్నాడు. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించి, ఓట్లయ్యాక తెచ్చుకోవాలి. ఒక ఏడాది ఇవ్వలేదు. నా చేను, నా తుపాకి, మధ్యలో వీళ్ళెవరని అటక మీద దాచాడు. ఓట్ల రోజు గొడవ జరిగితే ఆయన తమ్ముడు పరిగెత్తుకొచ్చి అటకెక్కాడు. బెదిరిద్దామనే పేల్చాడు. ఎవరి పక్షమూ కాని దర్జీ మాబుకు, ఓటేసి ఇంటికి పోతున్నవాడికి, ఒక కన్ను పోయింది.

ఆ తర్వాత మాబుకు సూదిలో దారం ఎక్కేది కాదు. బడి వదలగానే వేదవతి వెళ్ళి, మర్నాటికి సరిపడా సూదులన్నిటికీ దారాలు ఎక్కించి వచ్చేది. నాన్న వెళ్ళమనలేదు, వద్దనీ అనలేదు.

"మీ నాన్నను పట్టుకుపోయారా?"

"లేదు. జీపు రాకముందే ఆయన స్నానం చేశాడు. నేనే తువ్వాలు అందించాను. ఇస్త్రీ పంచె కట్టుకుని, తుపాకి భుజాన వేసుకుని, బజారు మధ్యలో నడుచుకుంటూ స్టేషన్‌కు పోయాడు. జైల్లో ఉన్నాడు కొన్నాళ్ళు. కానీ నారాయణప్పను పట్టుకుపోయారని ఊళ్ళో ఒక్కరూ అనలేదు. ఆయనే పోయాడు అన్నారు."

కాల్విన్ గారు గడ్డం గీయడానికి వీలుగా మెడ పైకెత్తాడు.

పోలీసు కారు వచ్చేసరికి ఆయన తెల్ల చొక్కా, ఊదారంగు కోటు వేసుకుని, వాకర్ పట్టుకుని ముందుగదిలో నిలబడి ఉన్నాడు. వచ్చింది లోసా అనే పోలీసు, సమోవా దీవుల పిల్ల, భారీ మనిషి. ముందు కిటికీలోంచి గది అంతా చూసుకుంది. బోల్టు వేదవతి దగ్గర ఉందని తెలిశాక గుమ్మంలో వంగి బూట్లు విప్పింది. ఒక సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లు. కాల్విన్ గారు ఆ చిల్లును చూశాడు, తర్వాత ఆమె నడుము వంక చూశాడు.

"నీ తుపాకి ఏదీ?"

"కారులో ఉందండి. పెట్టెలో, తాళం వేసి."

"అక్కడెందుకు?"

"ఇక్కడ అవసరమనిపించలేదు," అంది లోసా.

ఆయన వాకర్ వదిలేశాడు. వేదవతి వెనక నిలబడి, నడుము దగ్గర వేళ్ళు ఆనీ ఆనకుండా పెట్టింది. ఆయన తువ్వాలు తీసి, రైఫిల్‌ను రెండు చేతులతో ఎత్తి అందించాడు. లోసా కూడా రెండు చేతులతో అందుకుంది.

"ఎంత శుభ్రంగా ఉంచారండీ," అంది.

"మా నాన్నది," అన్నాడాయన. వేదవతి బోల్టు ఇచ్చింది. లోసా బూట్లు తొడుక్కుని, ఆయనకు చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరిగేదాకా మరీకె గుమ్మంలోనే నిలబడింది. లోపలికొచ్చి, భర్త కోటు కాలర్ సరిచేసింది.

"ప్రభుత్వం సాక్సుకు చిల్లు పడింది," అన్నాడాయన.

"చూశాను. కుట్టిపెట్టాల్సింది."

ఆయన ఎండ పడే కుర్చీ కావాలన్నాడు. కూర్చోబెట్టారు. ఆకలేస్తోందన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. పక్కింటివాళ్ళు సంచీతో ఫీజోవా పళ్ళు పెట్టి వెళ్ళారు. జామకు దూరపు చుట్టంలా ఉండే పచ్చటి పండు, ఈ కాలంలో ప్రతి పెరట్లోనూ రాలుతుంది. మరీకె ఒకటి అడ్డంగా కోసి, చెంచాతో చేతికిచ్చింది. గది అంతా దాని వాసన.

"బావున్నాయి," అన్నాడాయన. "నువ్వూ తిను, వేదా గారూ."

"బట్టలు ఆరేసి వస్తాను."

పెరట్లో తీగ మీద దుప్పట్లు ఆరేస్తూ ఆమె రోహిత్‌కు ఫోన్ చేసింది. "అయిపోయింది నాయనా. ఆయనే ఇచ్చినాడు." రోహిత్ ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినబడింది. ఇంటికెళ్ళాక సిరికి ఇదంతా చెప్పాలనుకుంది. దర్జీ మాబు సంగతి కూతురికి ఎప్పుడూ చెప్పనేలేదని అప్పుడు తట్టింది.

"వేదా," అని పిలిచింది మరీకె వంటింటి గుమ్మంలోంచి. గొంతు మామూలుగానే ఉంది. "ఒకసారి వస్తావా? పండు పూర్తి చేయడం లేదు."

ఆయన తల కుర్చీ వీపుకు ఆనుకుని ఉంది. కళ్ళు అరమోడ్పుగా ఉన్నాయి. వేదవతి మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు పట్టుకుంది, తర్వాత మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. సబ్బు వాసన ఇంకా పోలేదు. ఆమె తడి చేతిని ఏప్రాన్‌కు తుడుచుకుని, ఆయన కళ్ళు మూసింది. మరీకె అవతలి పక్క కూర్చుని భర్త ఎడమ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. వణుకు లేని ఆ చేతిని రెండు చేతులతోనూ నిమురుతూ ఉండిపోయింది.

కుర్చీ చేతి మీద సాసరులో ఒక ఫీజోవా చెక్క తొక్క దాకా ఖాళీ అయి ఉంది. రెండో చెక్కలో చెంచా నిలబడి ఉంది.